కాగితం పుట్టిన చోటు
(చౌమహల్లా సందర్శన – ఒక గుమాస్తా నోటు)

– విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ, మెండోర



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను పండితుణ్ణి కాను, నోటు ఫైలు రాసిన చేయి తప్ప పుస్తకం రాసిన చేయి కాదని తప్పించుకోజూశాను. "అయితే నోటే పెట్టండి సార్, సంతకం మేం చేస్తాం" అన్నారు. అందుకని పోయిన చలికాలంలో మా యూనిట్ నుండి పద్నాలుగు మందిమి హైదరాబాదు వెళ్ళి చూసి వచ్చిన చౌమహల్లా ప్యాలెస్ గురించి, అలవాటైన వరుసలోనే మనవి చేసుకుంటున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

విషయము

మెండోర పోచంపాడు కట్టకు దగ్గరి ఊరు. తెల్లవారకముందే బయలుదేరి, ఆర్మూరులో మిగతావారిని కలుపుకొని, జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగేసరికి పదకొండు దాటింది. మాలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి గుండె ఆపరేషన్ అయింది. అయినా చార్మినారు నుండి లాడ్ బజారు మీదుగా ఖిల్వత్ దాకా అందరమూ నడిచే పోయినాము. హైదరాబాదులో చదువుకుంటున్న మా మనుమరాలు కాలేజీకి సెలవు పెట్టి గేటు దగ్గర మాకోసం నిలబడి ఉంది.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరైనాను. ఈ ముప్పయి అయిదేళ్ళలో పనిమీద హైదరాబాదుకు ఎన్నోసార్లు పోయి ఉంటాను. చౌమహల్లా మాత్రం చూడలేదు. చూడడానికి అప్పట్లో చాలాకాలం తెరిచి లేదు కూడా. ఎన్నో ఏండ్లు తాళాలు వేసి ఉన్న ఈ ప్యాలెస్‌ను నిజాం వంశపు కోడలు ఎస్రా గారు పూనుకొని బాగుచేయించగా, 2005లో ప్రజల కోసం తెరిచారు. ఆ మరమ్మతు పనికి 2010లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది.

పూర్వ చరిత్ర

చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. అవి అఫ్జల్ మహల్, తహనియత్ మహల్, మహతాబ్ మహల్, ఆఫ్తాబ్ మహల్. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో కట్టడం మొదలై, వందేళ్ళు దాటాక అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–1869) పూర్తయిందని చెపుతారు. ఒకప్పుడు 45 ఎకరాలుండేదట. ఇప్పుడు మిగిలింది సుమారు 12 ఎకరాలు. ఇంటి స్థలం పంపకాలలో కరిగిపోవడం మన ఊళ్ళలోనే కాదు, నవాబుల ఇళ్ళలోనూ ఉన్నదే.

ఈ ప్యాలెస్ నివాసమూ, కొలువూ రెండూను. నిజాములు గద్దెనెక్కిన దర్బారులు ఇక్కడే. 1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పట్టాభిషేకము ఇక్కడే. ఆయన తరువాత కింగ్ కోఠీలోనే ఉండిపోయినా, పెద్ద దర్బారులకు, వైస్రాయి వచ్చినప్పటి మర్యాదలకు చౌమహల్లాయే వేదిక. 1967 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినాక మనుమడు ముకర్రం జాకు ఏప్రిల్‌లో వారసత్వపు వేడుక జరిగింది కూడా ఇక్కడనే. ఆ ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, ఆయన పార్థివ దేహాన్ని కడసారి చూపు కోసం ఉంచిందీ ఈ ప్యాలెస్‌లోనే.

ఒక్క మాట స్పష్టం చేయాలి. సర్కారు మొత్తం ఈ గోడల మధ్యనే లేదు. రాజు గద్దె ఇక్కడ ఉంటే, దివాను కచ్చేరీ దివాన్ దేవిడీలో సాగేది. లెక్కల దఫ్తర్లు రెండు, దఫ్తరే దివానీ, దఫ్తరే మాల్, వంశపారంపర్యంగా రెండు కుటుంబాల చేతుల్లో ఉండేవి. ఒకటి రాయరాయన్ వారిది, ఇంకొకటి మాల్‌వాలా వారిది. అంటే రాజ్యపు లెక్కల పుస్తకాలు ఉద్యోగుల ఇళ్ళలో ఉండేవన్నమాట. 1853లో ఇరవై నాలుగేళ్ళ వయసులో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని మార్చే పనికి పూనుకున్నాడు. అదే సంవత్సరం బాకీల కింద బేరారు ఇంగ్లీషు వారి చేతికి పోయింది. ఖజానా ఖాళీ. శిస్తు వసూలు గుత్తదారుల పాలు. అటువంటి స్థితిలో గుత్తలు తీసివేసి, జీతం మీద పనిచేసే తాలూకుదారులను పెట్టి, 1865లో జిలాబందీ చేశాడు. మన జిల్లా అప్పటి ఇందూరు. జిల్లాకు అవ్వల్ తాలూకుదారు, కింద దోయం తాలూకుదారు, తాలూకాకు తహసీల్దారు. ఈ నిచ్చెనలో అట్టడుగు మెట్టు మీద నిలబడి మనమంతా కొలువు చేశాము.

ఫారసీలో నడిచే రాతకోతలు 1884–86 ప్రాంతంలో ఉర్దూకు మారాయి. ఆ ఉర్దూ మన నోళ్ళలో ఇప్పటికీ ఉన్నది. దఫ్తరు, దరఖాస్తు, మిసిలు, నకలు, తాకీదు, దస్కతు, హాజరు, జమాబందీ, పహాణీ, సేత్వారు. అసలు మన సంఘం పేరునే మా నాయిన తరం వాళ్ళను అడిగితే "వజీఫాదార్ల సంఘం" అనేవారు. పింఛను అన్న మాట వాళ్ళకు తరువాత వచ్చింది.

పరిశీలన

లోపల అడుగు పెట్టగానే అందరమూ ఖిల్వత్ ముబారక్ వైపు నడిచాము. అందరూ అటే పోతారు. దర్బారు హాలులో బెల్జియం గాజు షాండ్లియర్లు పంతొమ్మిది. కింద పాలరాతి వేదిక. దానిని తఖ్తే నిషాన్ అంటారు. దాని మీదనే గద్దె వేసేవారు. మా మనుమరాలు ఫోటోలు తీస్తూ, "తాతా, రాజు కూసునేది గీడనేనా?" అంది. ఔనన్నాను. "మరి నీ అసుంటోళ్ళు ఏడ కూసునేటోళ్ళు?" అని నవ్వింది.

ఆమె నవ్వులాటకే అన్నది. నేను మాత్రం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే అంత దూరం పోయినాను.

ఉత్తరపు ఆవరణలో పొడవాటి నీటి కొలను, దాని నడుమ ఫౌంటెను ఉన్నాయి. తూర్పు వైపున కమానుల వరుస, ఆ వెనుక గదుల వరుస. దాని పేరు బారా ఇమామ్. పరిపాలనా విభాగం ఒకప్పుడు ఆ గదులలోనే నడిచిందని చెపుతారు. ఎదురుగా అచ్చం అదే తీరుగా ఉన్న ఇంకొక వరుస షీషే ఆలాత్. వచ్చే పెద్దల వెంట వచ్చిన ఉద్యోగులకు అది విడిది. మేము ఉన్నంతసేపట్లో ఆ కమానుల కింద ఆగినవారు బహు తక్కువ. పిల్లలు కొలను దగ్గర ఫోటోలు దిగుతున్నారు, పెద్దలు 1912 నాటి పచ్చ రోల్స్ రాయిస్ కారు ఎక్కడున్నదని వాకబు చేస్తున్నారు.

నేను ఒక కమాను గట్టు మీద కూర్చున్నాను. గేటు మీది ఖిల్వత్ గడియారం గంట కొట్టింది. రెండు వందల యాభై ఏండ్లుగా నడుస్తున్నదంటారు. వారానికి ఒకసారి దానికి తాళం ఇచ్చే కుటుంబం కూడా ఉన్నదట. ఆ గంట విని ఇక్కడి మున్షీ ఎవరో హడావిడిగా కలం తీసి ఉంటాడు. నాకు హాజరు రిజిస్టరు, ఎర్ర సిరా గుర్తుకు వచ్చాయి.

"ఈడ ఏం లేదు కద తాతా" అంది మనుమరాలు. అప్పుడు ఆమెకు మా నాయిన సంగతి చెప్పాను. ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పింది కాదు. మీకూ చెపుతాను.

ఒక నెల పేరు

మా నాయిన నిజాం సర్కారులో చప్రాసీగా చేరినాడు. తాలూకా కచ్చేరీలో తపాల మోసుడు, దీపాలు తుడుచుడు, గిర్దావరు వెంట ఊళ్ళు తిరుగుడు ఆయన పని. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయ్యి నిజాం సర్కారు పోయినా, ఆయన కొలువు పోలేదు. హైదరాబాదు రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్ర ప్రదేశ్ వచ్చింది. బోర్డు మారింది, ఆయన బెంచీ మారలేదు. 1978లో రిటైరైనాడు.

పింఛను కాగితాలు జిల్లాలోని ఒక కార్యాలయానికి పోయినాయి. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. పుట్టిన తేదీ ప్రకారం ఆయన ఒక సంవత్సరం ముందే రిటైర్ కావలసి ఉండె, ఎక్కువ చేసిన సంవత్సరపు జీతం తిరిగి కట్టాలె, కట్టేదాకా పింఛను ఆపాలె అని దాని సారాంశం. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. చెల్లె పెండ్లి కుదిరి ఉన్నది. ఆయన చేతిలో ఉన్నదంతా ఖర్చయింది. నేను చిన్న గుమాస్తాను. సంవత్సరం జీతం ఎక్కడి నుండి తేవాలె?

తప్పు ఎక్కడ జరిగిందంటే లెక్కలో. ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ ఉర్దూలో ఉన్నది, పుట్టిన సంవత్సరం ఫసలీలో ఉన్నది. 1327 ఫసలీ. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెప్పుకునే సూత్రం. 1327కు 590 కలిపితే 1917. ఆ పని చేసిన బాబు అంతవరకే చేశాడు. కానీ హైదరాబాదు ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలు కాదు. ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. అందుకని డిసెంబరు దాకా 590 కలపాలె, జనవరి దాటితే 591 కలపాలె. నెల చూడకుండా సంవత్సరం చెప్పరాదు.

నెల ఏదని రిజిస్టరులో చూస్తే, ఉర్దూలో ఒక చిన్న మాట ఉన్నది. నాకు చదవరాదు. నేను చదువుకున్నది తెలుగు మీడియం. ముసలి మున్షీ సాబ్ ఒకాయన, అప్పటికే రిటైరైనవాడు, కండ్లద్దాలు పైకెత్తి చూసి, "ఖుర్దాద్" అన్నాడు. ఖుర్దాద్ అంటే ఏప్రిల్. 1327కు 591 కలిపితే 1918 ఏప్రిల్. మా నాయిన సరిగ్గా రిటైర్ కావలసిన రోజునే రిటైరైనాడు. ఒక్క రోజు కూడా ఎక్కువ చేయలేదు.

ఆ ఒక్క మాటను తర్జుమా చేయించి, ధ్రువపత్రం జతపరిచి, దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, ఆ ఉత్తర్వు సరిదిద్దించడానికి రెండేండ్లు దాటింది. ఉత్తర్వు వచ్చేనాటికి ఆయన కండ్లకు పొరలు వచ్చినాయి. నేనే చదివి వినిపించాను. అంతా విని, "ఖుర్దాద్ అని రాసిన్రా?" అని అడిగినాడు. "రాసిన్రు నాయినా" అన్నాను. "కాగితం తప్పు చెయ్యది బిడ్డా, చూసెటోడు చేస్తడు" అని ఊరుకున్నాడు. ఎవరినీ తిట్టలేదు. నాకు మాత్రం ఆ మాట సర్వీసు మొత్తం ముల్లులా గుచ్చుకుంటూనే ఉండె. ఏ పింఛను ఫైలు నా టేబులు మీదికి వచ్చినా మొదటి పేజీ రెండుసార్లు చదివేవాణ్ణి.

గద్దె, కలము

బారా ఇమామ్ గట్టు మీద కూర్చుంటే నాకు తోచింది ఇది. మనం ప్రభుత్వం అంటే గద్దె అనుకుంటాము, అందుకే షాండ్లియర్ల కింద నిలబడి ఫోటో దిగుతాము. కానీ మన జిల్లా దాకా వచ్చింది గద్దె కాదు, కాగితము. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఒక కాగితమే. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్ళని ఎవరో లెక్క కట్టి, ఎవరో శుద్ధప్రతి రాసి, ఎవరో మొహరు వేశారు. ఆ నీళ్ళ వెనుకనే చెరుకు వచ్చింది. 1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఎన్ని కుటుంబాలు బతికాయో మీకు చెప్పనక్కర లేదు. 2015 డిసెంబరులో దాని గేటుకు అంటించిందీ కాగితమే.

కాగితం మంచే చేసిందని నేను అనడం లేదు. ఈ షాండ్లియర్లు మన తాతల శిస్తుతో వెలిగినవి. వెట్టి చేయించిన దేశ్‌ముఖులకు సనదులు ఇచ్చింది కూడా కాగితమే. నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్య గారిని, వట్టికోట ఆళ్వారుస్వామి గారిని బంధించిన ఉత్తర్వును కూడా ఎవరో ఒక గుమాస్తా శుద్ధప్రతి తీసే ఉంటాడు. కాగితం లేక దాశరథి గారు జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. తరువాత 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేసిన రెగ్యులేషన్‌ను కూడా గుమాస్తాయే రాశాడు. 1954–55 ఖాస్రా పహాణీలో కౌలుదారు పేరు ఎక్కించినవాడూ, ఎక్కించకుండా వదిలినవాడూ మనవాళ్ళే. కలం అదే. పట్టిన చేయి వేరు.

కలకత్తాలో రైటర్స్ బిల్డింగ్ అని ఉన్నది. 1777 నాటి నుండి ఈస్టిండియా కంపెనీ వారి రాతగాళ్ళ కోసం కట్టించినది. తరువాత బెంగాల్ ప్రభుత్వమే 2013 దాకా అక్కడి నుండి నడిచింది. గుమాస్తాల పేరు పెట్టుకున్న సచివాలయం దేశంలో అదొక్కటే నాకు గుర్తు.

మనకూ ఒకటి ఉండె. సైఫాబాదు ప్యాలెస్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1888లో కట్టింది. ఆయన చూడబోతుంటే ఉడుము అడ్డం వచ్చిందనీ, అపశకునమని తాళం వేయించి, తరువాత కచ్చేరీలకు ఇచ్చేశారనీ అంటారు. అట్లా రాజుకు పనికిరాని ఇల్లు సర్కారుకు పనికి వచ్చింది. సచివాలయంలో జి బ్లాకు, సర్వహిత అని పిలిచింది అదే. ఒకప్పుడు ముఖ్యమంత్రులు కూడా అందులోనే కూర్చున్నారు. 1986లో ఒక ఫైలు చంకన పెట్టుకొని నేను దాని వరండాలో మూడు గంటలు నిలబడ్డాను. 2020లో పాత సచివాలయంతో పాటు దానినీ కూలగొట్టారు. అదే జాగాలో 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం ప్రారంభమైంది. కొత్తది బాగున్నది, కాదనను. కానీ లెక్క చూడండి. రాజు దర్బారు చేసిన ప్యాలెస్‌కు టికెట్టు పెట్టి కాపాడుకున్నాము. మన వంటివాళ్ళు వందేళ్ళు రాతకోతలు చేసిన ప్యాలెస్ ఒక వానకాలంలో మట్టి అయింది.

అయితే ఆ కాగితాలు పోలేదు. దఫ్తరే దివానీ నాటి దస్తావేజులు, మొగలుల కాలపు కాగితాలతో సహా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ హైదరాబాదు పోతే నేను చూడవలసింది అదే.

మనవి

1. చౌమహల్లా తప్పక చూడండి. శుక్రవారం సెలవు, ఆ రోజు పోకండి. ఎండాకాలం వద్దు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఊతకర్ర మరవకండి. దర్బారు హాలు చూసినాక బారా ఇమామ్ కమానుల కింద పది నిమిషాలు కూర్చోండి.

2. ఇంట్లో సందూకు అడుగున ఉన్న పాత కాగితాలను చెదలుకు, చిత్తు కాగితాలవాడికి ఇవ్వకండి. తండ్రుల, తాతల ముంతఖబులు, పట్టాలు, శిస్తు రసీదులు, సర్వీసు రిజిస్టరు నకళ్ళు చదవరాకపోతే చదివేవారి దగ్గరికి తీసుకుపోండి. మన జిల్లాలో పాత ఉర్దూ దస్తావేజు చదవగలిగిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

3. కొలువులో ఉన్న పిల్లలకు చెప్పండి. కంప్యూటరు మీద అయినా సరే, మొదటి పేజీ రెండుసార్లు చూడమని.

సాయంత్రం బస్సు ఎక్కేముందు మా మనుమరాలు, "ఆ రిజిస్టరు నకలు ఇంట్ల ఉన్నదా తాతా?" అని అడిగింది. ఉన్నదన్నాను. సంక్రాంతికి మెండోర వచ్చినప్పుడు సందూకు తీసి చూపించాను. ఫోటో తీసుకుంది. ఆ చిన్న ఉర్దూ మాట మీద వేలు పెట్టి, కుడి నుండి ఎడమకు, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. నాలుగు నెలలుగా హాస్టలులో స్నేహితురాలి దగ్గర నేర్చుకుంటున్నదట, నాకు చెప్పలేదు.

"ఖుర్దాద్" అంది.

ఇంత కాలానికి మా ఇంట్లో ఆ మాటను చదవగలిగిన మనిషి ఒకరు తయారైనారు. మా నాయిన ఉంటే సంతోషపడేవాడు.

సెలవు.